సోలార్ కంట్రోలర్ లోడ్, ఆక్స్ రెండూ మొరాయిస్తే: నా అనుభవం

మా తోట ఇంటి సోలార్ కంట్రోలర్ (ప్యానెళ్ళ కరెంటుతో బ్యాటరీ నింపి, దాన్నుంచి ఇంటికి కరెంటిచ్చే పెట్టె) 2024 దసరా వెళ్ళిన వారంలో మొరాయించడం మొదలుపెట్టింది. రాత్రి లోడ్ అవుట్‌పుట్, అంటే లైట్లకూ ఫ్యాన్లకూ కరెంటిచ్చేది, దానంతటదే ఆగిపోయేది. పగలు ఆక్స్ అవుట్‌పుట్ మీద నడిచే నీళ్ళ మోటారు నిమిషం తిరిగి ఆగి, మళ్ళీ తిరిగి ఆగేది. అసలు సంగతి తేలేసరికి నవంబరు రెండో వారం వచ్చింది. ముందే చెప్పేస్తున్నా, కంట్రోలర్‌లో ఏ లోపమూ లేదు. అది తెలుసుకునేలోపు మేం పోగొట్టుకున్న డబ్బు, పడిన భయం ఇంకొకరికి రాకూడదని ఇదంతా రాస్తున్నా.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. చీనీ (బత్తాయి) తోటలోనే ఇల్లు. తోట లైనుకు పగలు తొమ్మిది గంటలు త్రీఫేజ్ ఇస్తారు, రాత్రి ఏమీ ఉండదు. అందుకే ఇంటి మీద 330 వాట్ల ప్యానెళ్ళు రెండు, గదిలో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపి 24 వోల్టులు, మధ్యలో 30 ఆంప్స్ ఎంపీపీటీ రకం కంట్రోలర్ పెట్టుకున్నాం. ఇన్వర్టర్ లేదు. 24 వోల్టుల డీసీ ఫ్యాన్లు రెండు, తొమ్మిది వాట్ల బల్బులు ఐదు, అన్నీ కంట్రోలర్ లోడ్ టెర్మినళ్ళ నుంచే నడుస్తాయి. ఆక్స్ అని ఇంకో చిన్న టెర్మినల్ జత ఉంది. బ్యాటరీ నిండిందని కంట్రోలర్ అనుకున్నప్పుడు అక్కడ 12 వోల్టులు వస్తాయి. అవి ఒక రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంపే స్విచ్) లాగితే, సంపు నుంచి పైట్యాంకుకు నీళ్ళెక్కించే చిన్న డీసీ మోటారు తిరుగుతుంది. బ్యాటరీకి చాలగా మిగిలిన ఎండ నీళ్ళెక్కించడానికి పనికొస్తుందన్నమాట. మూడేళ్ళుగా ఏ గొడవా లేదు.

అక్టోబరు 15 రాత్రి రెండు దాటాక అమ్మ లేపింది. "లైట్లు ఆరిపోయినాయి నాయనా, ఫ్యాను కూడా." కంట్రోలర్ తెర మీద 22.2 అని ఉంది. మా దాంట్లో లోడ్ కట్ అయ్యే వోల్టేజీ అదే. ఒకసారి కట్ అయితే బ్యాటరీ 25.2 దాటేదాకా తిరిగి రాదు. అంటే తెల్లారి ఎండెక్కాల్సిందే. మరుసటి రాత్రీ అంతే, ఇంకాస్త ముందే పోయింది.

లైటు పోవడం టౌనులో ఉన్నవాళ్ళకు చిన్న విషయంగా కనిపించొచ్చు. మాకు బాత్రూము వాకిలి అవతల ఉంది. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది. అవి వానలు పడుతున్న రోజులు. కట్లపాము తిరిగేది రాత్రిపూటే, అది కాటేసిన సంగతి ఒక్కోసారి నిద్రలో తెలియను కూడా తెలియదు. వాకిట్లో రెండు బల్బులు తెల్లార్లూ వెలగాలని సోలార్ పెట్టించిందే అందుకు. ఆ వారమంతా నేను అలారం పెట్టుకుని లేచి, టార్చి పట్టుకుని అమ్మ వెంట వెళ్ళి వచ్చేవాణ్ణి. పగలు తోట పనిలో కళ్ళు మూతలు పడేవి.

అదే రోజుల్లో మోటారు ఉదయం తొమ్మిదిన్నరకే మొదలయ్యేది. మామూలుగా పదకొండు దాటనిదే తిరగదు. బ్యాటరీ రాత్రి ఖాళీ అవుతుంటే పొద్దున్నే నిండిపోయిందని కంట్రోలర్ ఎట్లా అనుకుంటోంది? ఈ ప్రశ్న నాకు మొదటిరోజే వచ్చింది, కానీ జవాబు చెప్పేవాళ్ళు దొరకలేదు. రిలే టిక్కుమంటూ పడేది, నిమిషంలో లేచేది, మళ్ళీ పడేది. అట్లా కొట్టుకుని కొట్టుకుని దాని పాయింట్లు మాడిపోయాయి.

అక్టోబరు 17 పొద్దున్నే ఏడున్నరకు టౌను నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్ లోడ్ ప్లస్‌కు, నల్లది బ్యాటరీ మైనస్‌కు పెట్టాడు. 24 చూపించింది. "వోల్టేజీ వస్తా ఉంది, బల్బు మాత్రం వెలగడంలేదు. లోపల ఎంఓఎస్‌ఫెట్ పోయిందన్నా, కొత్త కంట్రోలర్ ఏసుకోవాల్సిందే. పదకొండున్నర వేలవుతుంది" అన్నాడు.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. చాలా కంట్రోలర్లలో లోడ్ ప్లస్ ఎప్పుడూ బ్యాటరీ ప్లస్‌తో కలిసే ఉంటుంది, లోపలి స్విచ్ (ఆయన చెప్పిన ఎంఓఎస్‌ఫెట్ అదే) తెంపేది లోడ్ మైనస్‌ను. మాదీ ఆ రకమే. కాబట్టి లోడ్ ఆగి ఉన్నా సరే, బ్యాటరీ మైనస్‌తో పోల్చి చూస్తే 24 చూపిస్తూనే ఉంటుంది. కొలవాల్సింది లోడ్ ప్లస్‌కూ లోడ్ మైనస్‌కూ మధ్య. ఆ పొద్దున ఇంకా 25.2 దాటలేదు, లోడ్ కట్ అయ్యే ఉంది. అంటే కంట్రోలర్ తన పని తాను సరిగ్గా చేస్తుంటే పాడైందని తీర్పు చెప్పేశాడు. ఈ తేడా నాకు తెలిసింది మూడు వారాల తర్వాత.

పోతూ పోతూ ఆయన రెండు పనులు చేశాడు. కంట్రోలర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేశాడు. మాడిపోయిన రిలే తీసేసి, షాపులో దొరికిందని బైకు సెల్ఫ్ స్టార్టర్ రిలే బిగించాడు. వచ్చినందుకు 600, రిలేకు 350. ఆ రోజు నుంచి మోటారు అసలే తిరగలేదు.

కంట్రోలర్‌కు ఇంకా వారంటీ ఉంది. అమ్మిన షాపుకు ఫోన్ చేస్తే సర్వీస్ సెంటర్‌కు పంపమన్నారు. అక్టోబరు 18న కొరియర్ చేశాను, 420 రూపాయలు. విప్పేటప్పుడు ముందు ప్యానెల్ తీగలు తీసి, ఆ తర్వాతే బ్యాటరీ తీగలు తియ్యాలి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. బ్యాటరీ లేకుండా ప్యానెల్ వోల్టేజీ నేరుగా ఎక్కితే బాగున్న కంట్రోలర్ కూడా పాడవ్వొచ్చు. ఈ వరస షాపువాళ్ళు చెప్పలేదు, మాన్యువల్‌లో ఉంది.

వెళ్ళిన వస్తువు గురించి వారం దాకా ఏ కబురూ లేదు. ఫోన్ చేస్తే "టెస్టింగ్‌లో ఉంది సార్" అనేవారు. దీపావళి అక్టోబరు 31న వచ్చింది, కంట్రోలర్ రాలేదు.

ఈలోపు పక్క తోట అన్న తన దగ్గర ఊరికే పడి ఉన్న 20 ఆంప్స్ పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ ఇచ్చాడు. "వాడుకో తమ్ముడూ, మీది వచ్చినాక ఇద్దువు" అన్నాడు. అది బిగించిన రాత్రి నిశ్చింతగా పడుకున్నా. మూడింటికి మళ్ళీ చీకటి! మంచం మీద కూర్చుని ఎంతసేపు ఆలోచించానో తెలియదు. వేరే కంపెనీ, వేరే రకం, అయినా అదే జబ్బు. అంటే తప్పు కంట్రోలర్ బయట ఎక్కడో ఉంది. ఇక మిగిలింది బ్యాటరీలు. అవే పోయి ఉంటే ముప్పై వేల పైమాటే. ఆ రాత్రి ఇక నిద్ర పట్టలేదు.

నవంబరు 6న కంట్రోలర్ తిరిగొచ్చింది. లోపల చీటీ: పరీక్షించాము, లోపం లేదు. పరీక్షకూ తిరుగు కొరియర్‌కూ కలిపి 450 తీసుకున్నారు. వారంటీలో లోపం దొరికితే ఉచితమట, దొరక్కపోతే చార్జీ అట. పంపేముందు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, మీరు పంపాల్సి వస్తే ముందే అడగండి.

మా మేనమామ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బ్యాటరీ రూము చూసిన మనిషి. ఎక్స్ఛేంజీలు నడిచేది 48 వోల్టుల బ్యాటరీల మీదే. రిటైరై అనంతపురంలో ఉంటున్నాడు. నవంబరు 9 శనివారం సాయంత్రం బస్సు దిగాడు. చేతిలో మల్టీమీటర్, చొక్కా జేబులో 24 వోల్టుల లారీ బల్బు ఒకటి, దానికి రెండు తీగలు అతికించి ఉన్నాయి.

"ఉత్తి మీటరును నమ్మొద్దురా అల్లుడూ. కరెంటు పారేటప్పుడు కొలిస్తేనే నిజం తెలిసేది" అన్నాడు.

లోడ్ తీగలు విప్పి బల్బు తగిలించాడు. ఫెళ్ళున వెలిగింది. లోడ్ ప్లస్ మైనస్‌ల మధ్య వోల్టేజీ పెద్దగా పడలేదు. లోపలి ఎంఓఎస్‌ఫెట్ పోయి ఉంటే మీటరు 24 చూపించినా, బల్బు తగిలించగానే వోల్టేజీ కూలిపోతుందట. కాబట్టి లోడ్ అవుట్‌పుట్ భేషుగ్గా ఉంది. దీనికి పట్టింది రెండు నిమిషాలు, బల్బు ఖరీదు నలభై రూపాయలు.

తర్వాత ఇంటి లోడంతా తిరిగి కలిపి, ఫ్యాన్లూ బల్బులూ అన్నీ వేసి రాత్రి పదిన్నర దాకా కూర్చున్నాం. కరెంటు 4.4 ఆంప్స్ పోతోంది. కంట్రోలర్ తెర మీద 22.6. మామ బ్యాటరీ ధ్రువాల మీదే ప్రోబ్‌లు పెట్టాడు. 23.8! నాకు ఒళ్ళు జల్లుమంది. రెంటి మధ్యా ఉన్నది మీటరున్నర తీగ. అందులో 1.2 వోల్టులు ఎక్కడ పోతున్నాయి?

ఆ వెతకడం ఎట్లాగో మామ చూపించాడు, అదే నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి. ఎర్ర ప్రోబూ నల్ల ప్రోబూ రెండూ ప్లస్ తీగ మీదే పెట్టాలి. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. తీగ, అతుకులు బాగుంటే సున్నాకు దగ్గరగా రావాలి. అమ్మ టార్చి పట్టుకుంది. బ్యాటరీ ధ్రువానికీ లగ్గుకూ (తీగ చివర బిగించే లోహపు ముక్క) మధ్య 0.02. లగ్గుకూ తీగకూ మధ్య 0.03. ఆ తీగ మధ్యలో ఉన్న ఫ్యూజు హోల్డర్‌కు అటూ ఇటూ పెట్టేసరికి 1.1.

హోల్డర్ నల్ల ప్లాస్టిక్కుది, బ్యాటరీ మూతలకు సరిగ్గా పైన గోడకు బిగించి ఉంది. బయటికి నిక్షేపంగా కనిపిస్తోంది. ప్యానెల్, తర్వాత బ్యాటరీ తీగలు విప్పి దాన్ని ఊడదీస్తే లోపలంతా ఆకుపచ్చ బూజు, దాని కింద తెల్లటి పొడి. ఫ్యూజు కాళ్ళలో ఒకటి ముదురు గోధుమరంగుకు తిరిగింది, చుట్టూ ప్లాస్టిక్కు మెత్తబడి కాలికి అంటుకుపోయింది. ట్యూబులర్ బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు మూతల్లోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి మూడేళ్ళపాటు తిన్నగా దానికే తగులుతూ వచ్చింది. ఫ్యూజు తెగలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రాత్రి దాన్ని గీకి, తాత్కాలికంగా బిగించి వదిలేశాం. గీకినా పెద్దగా మారలేదు. పొద్దున్నే పగటి లెక్క కూడా చూడాలన్నాడు మామ.

ఆదివారం తొమ్మిదిన్నరకు ఎండ బాగా వచ్చింది. 10 ఆంప్స్ చార్జి ఎక్కుతోంది. కంట్రోలర్ 28.0 అంటోంది. బ్యాటరీ దగ్గర 25.4. పగలు తేడా తిరగబడింది, రాత్రి తక్కువ చూసే కంట్రోలర్ పగలు ఎక్కువ చూస్తోంది. హోల్డర్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశా, చురుక్కుమంది. 2.6 వోల్టులు, 10 ఆంప్స్, అంటే 26 వాట్లు. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ గోడ మీద రోజూ వెలుగుతున్నట్టే. బ్యాటరీల పైన, హైడ్రోజన్ వచ్చే చోట! అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అప్పుడు నా మొదటిరోజు ప్రశ్నకు జవాబు దొరికింది. హోల్డర్‌లో పోతున్న వోల్టులు కూడా కలుపుకుని బ్యాటరీ నిండిందని కంట్రోలర్ అనుకునేది. 28 దాటగానే ఆక్స్ ఇచ్చేది. మా మోటారు ప్లస్ తీగ కంట్రోలర్ బ్యాటరీ టెర్మినల్ నుంచి తీసి ఉంది, అంటే హోల్డర్‌కు కంట్రోలర్ వైపున. మోటారు 6 ఆంప్స్ లాగగానే హోల్డర్ గుండా పారేది 4 ఆంప్సే. తేడా ఒక్కసారిగా తగ్గి కంట్రోలర్‌కు 26.3 కనిపించేది. ఆక్స్ ఆగే గీత 26.8, కాబట్టి నిమిషంలో ఆపేసేది. ఆపగానే మళ్ళీ 28. రిలే టిక్కుటిక్కుమన్నది ఇందుకే. మరోపక్క, నిండిందనుకుని కంట్రోలర్ చార్జి తగ్గించేస్తుంది కాబట్టి బ్యాటరీ ఏరోజూ పూర్తిగా నిండేది కాదు. సగం నిండిన బ్యాటరీ, పైన 1.2 వోల్టుల దొంగలెక్క, ఇక రాత్రి రెండింటికి లైట్లు ఆరక ఏమవుతాయి. ఆరోజు హైడ్రోమీటర్‌తో (బ్యాటరీ ఆమ్లం సాంద్రత కొలిచేది, చార్జి తక్కువుంటే అంకె తగ్గుతుంది) చూస్తే సెల్సన్నీ 1.170 దగ్గర ఉన్నాయి. ఏదో ఒక సెల్ మాత్రమే పడిపోయి ఉంటే బ్యాటరీ పోయినట్టు, అన్నీ ఒకేలా తక్కువుంటే ఆకలితో ఉన్నట్టు అన్నాడు మామ. నా ముప్పై వేల భయం అక్కడ పోయింది.

సోమవారం టౌనుకు వెళ్ళి సరంజామా తెచ్చాం. 40 ఆంప్స్ ఫ్యూజుతో మంచి హోల్డర్ 280. 16 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ మూడు మీటర్లు 580. తగరం పూత ఉన్న లగ్గులు, వాటిని షాపులోనే క్రింపింగ్ మిషన్‌తో నొక్కించడానికి 120. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే సరిపోతుందని షాపతను అన్నాడు, మామ ఒప్పుకోలేదు. కొత్త హోల్డర్‌ను బ్యాటరీలకు పైన కాకుండా పక్క గోడకు అడుగు దూరంలో పెట్టాం, అతుకులకు వ్యాజ్‌లీన్ రాశాం. మోటారు తీగను కంట్రోలర్ నుంచి తీసేసి, 15 ఆంప్స్ ఫ్యూజు వేసి నేరుగా బ్యాటరీకి ఇచ్చాం. స్పానర్ పిడి చుట్టూ ఇన్సులేషన్ టేపు చుట్టుకున్నాం. ఆ జాగ్రత్త లేకపోతే స్పానర్ ప్లస్ మైనస్‌ల మీద అడ్డంగా పడితే చాలు, ప్రమాదమే.

ఇక ఆక్స్. రిలే తీగలు విప్పి మీటరు పెడితే 12.1. తగిలిస్తే 1.3. ఇదీ మళ్ళీ ఉత్తి మీటరు మోసమే. స్టార్టర్ రిలే కాయిల్ (లోపలి తీగచుట్ట) కొలిస్తే 4 ఓమ్‌లు. అంటే 12 వోల్టులకు అది 3 ఆంప్స్ అడుగుతుంది. బటన్ నొక్కినంతసేపు, రెండు మూడు సెకన్లు పనిచెయ్యడానికి చేసిన వస్తువు అది. మా ఆక్స్ ఇవ్వగలిగేది 200 మిల్లీఆంప్స్, ఆ మాట కంట్రోలర్ పక్కన స్టిక్కర్ మీదే రాసి ఉంది. లోపల రక్షణ ఉండబట్టి కాలిపోలేదు. కారు హెడ్‌లైట్లకు వాడే మామూలు నాలుగు కాళ్ళ 12 వోల్టుల రిలే తెచ్చాం, 120 రూపాయలు, సాకెట్‌కు 40. కాయిల్ 90 ఓమ్‌లు, అంటే 130 మిల్లీఆంప్స్ చాలు. దాని కాయిల్ కాళ్ళు 85, 86 మధ్య వన్ ఎన్ 4007 డయోడ్ ఒకటి, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేట్టు అతికించాడు మామ. రిలే ఆగిన ప్రతిసారీ కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజీని అది మింగేస్తుంది. లేకపోతే ఆ దెబ్బ ఆక్స్ లోపలి ట్రాన్సిస్టర్‌కు తగులుతుంది. డయోడ్ ఖరీదు మూడు రూపాయలు.

అయినా మోటారు కదల్లేదు. ఐదు నిమిషాలు ఇద్దరం మొహాలు చూసుకున్నాం. తర్వాత మెనూలోకి వెళ్ళి చూస్తే, ఆ రీసెట్ వల్ల ఆక్స్ మొదలయ్యే, ఆగే గీతలు మారిపోయి ఉన్నాయి. బ్యాటరీ రకం కూడా ఫ్లడెడ్ (మాలాగా నీళ్ళు పోసేది) బదులు సీల్డ్ (మూసేసి ఉండేది) అయిపోయింది. మా కంట్రోలర్‌లో ఫ్లడెడ్‌కు 29.2, సీల్డ్‌కు 28.8 దాకా ఎక్కిస్తుంది. రెండూ సరిచేశాం. ఆక్స్ మొదలయ్యేది 28.4, ఆగేది 26.4 అని పెట్టి, మధ్య దూరం పెంచాం. మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా మోటారు ఆగి మొదలవకుండా ఉండాలంటే ఆ దూరం కావాలి.

నవంబరు 12 పదకొండున్నరకు రిలే ఒక్కసారి టిక్కుమంది. మోటారు ఆగకుండా ట్యాంకు నిండేదాకా తిరిగింది. కరెంటు పారుతుండగా కొత్త హోల్డర్ మీద కొలిస్తే 0.03. ఆ రాత్రి అలారం పెట్టుకోలేదు, కానీ అలవాటుకొద్దీ మూడింటికి మెలకువ వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది. లేచి తెర చూశా, 24.1.

బ్యాటరీలు కోలుకోడానికి ఇంకా సమయం పట్టింది. వారం రోజులు పగలు లోడ్ తగ్గించి, బాగా ఎండ ఎక్కనిచ్చి, డిస్టిల్డ్ వాటర్ సరిచూసి కొలిస్తే 1.240కి వచ్చాయి. రెండు సెల్స్ మాత్రం 1.225 దగ్గర ఆగాయి. వాటిని నెలకోసారి చూస్తున్నా.

దారి తప్పించినవాటికి, అంటే ఎలక్ట్రీషియన్‌కు, స్టార్టర్ రిలేకు, కొరియర్‌కు, పరీక్ష చార్జీకి పోయింది 1,820. బాగవ్వడానికి అయింది 1,200 లోపే. పరీక్ష చార్జీ తిరిగివ్వమని అడిగాను, కుదరదన్నారు. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి హోల్డర్ సంగతి, స్టార్టర్ రిలే కాయిల్ సంగతి వివరంగా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. ఇంకో ఇద్దరి ఇళ్ళలో తానే అట్లాంటి రిలే బిగించానని, వెళ్ళి మారుస్తానని అన్నాడు. పక్క తోట అన్న కంట్రోలర్ తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ ఫ్యూజు హోల్డర్ కూడా విప్పి చూశాం. బ్యాటరీలకు సరిగ్గా పైనే ఉంది, అప్పుడే ఆకుపచ్చ పట్టడం మొదలైంది. మిగిలిన రాగితీగ ముక్క దానికే వాడాం.